మా పాత పికప్, అతని పొట్టేలు

ఈ రోజు మా పాత పికప్ కొనడానికి సింహాద్రిపురం నుంచి ఒక గొర్రెల కాపరి వచ్చాడు. రెండు లక్షలు చెప్పి, పదకొండేళ్ల సర్వీసు రసీదులు ముందు పెట్టాను. వాటిని ముట్టుకోకుండా, వెంట తెచ్చిన పొట్టేలును బండి వెనక ఎక్కించాడు.

"కాయితాలు పక్కన పెట్టవ్వా. ఇది ఎక్కితే మందంతా ఎక్కుతాది" అన్నాడు.

పొట్టేలు ఎక్కి, హాయిగా పడుకుంది. అతను మాత్రం మొహం ముడిచాడు.

"టైర్లు శానా అరిగినాయి. ఇరవై వేలు తగ్గించు."

"తగ్గించనప్పా. నచ్చకపోతే నీ పొట్టేలును దింపుకొని పో."

అరగంట సేపు కొమ్ములు పట్టి లాగాడు. అది కదలలేదు. చివరికి రెండు లక్షలూ ఇచ్చి, దానితో సహా బండి తోలుకుపోయాడు.

అవతలివాడి పొట్టేలు మన తరఫున బేరమాడితే ఆ ధర న్యాయమైనదేనా? మొహమాటం లేకుండా చెప్పండి.