పన్నీరు చల్లే ఎల్ఫ్

డిసెంబరు వచ్చిందంటే మా విజయేందర్ బావకు ఎల్ఫ్ చేత అల్లరి చేయించనిదే తెల్లారదు. ఎల్ఫ్ అంటే క్రిస్మస్ తాత దగ్గర పనిచేసే మరుగుజ్జు. బావ దగ్గరున్నది ఎర్రటోపీ, పొడుగు చెవుల గుడ్డబొమ్మ. పిల్లలు లేచేసరికి అది ఇడ్లీ రేకుల్లో పడుకునేది, లేదా కుక్కర్ విజిల్ పట్టుకుని వేలాడేది. అయ్యప్ప మాల వేసుకునే ఇంట్లో ఇదేమిటని ఎవరైనా అడిగితే, అల్లరికి మతమేమిటనేవాడు.

నిరుడు నా భార్య ఉద్యోగ శిక్షణకు పుణె వెళ్ళింది. ఆరేళ్ళ మా సుధను తీసుకుని రెండు నెలలు మల్కాజ్‌గిరిలో మా అక్క కల్పలత ఇంట్లో ఉన్నాను. డిసెంబరు మొదటి వారంలోనే ఎల్ఫ్‌కు నీళ్ళ పిచ్చి పట్టింది. రోజూ పొద్దున్నే పిల్లల గదిలో చెంబు పక్కన కూర్చునేది. సుధ పక్క తడి. తొమ్మిదేళ్ళ మేనకోడలు భవాని పక్కా తడి. గది నిండా పెళ్ళివారిల్లులా పన్నీరు వాసన. పరుపులు ఆరేయలేక విసిగిపోయిన అక్క, బొమ్మను మౌలాలి రైలెక్కించేస్తానంది. ఎల్ఫ్ తన మాట వినడం లేదని బావ గంభీరంగా బాధపడ్డాడు.

చలిలో తడిసి తడిసి భవానికి రోషం వచ్చింది. నీళ్ళు పోసేదెవరో పట్టుకుని అందరి ముందూ నిలబెడతానని ప్రకటించి పడుకుంది.

మర్నాడు ఐదింటికి నేను లేచేసరికి, పిల్లల గది గుమ్మం దగ్గర బావ చెంబుతో నిలబడి ఉన్నాడు. ఆ చలిలోనూ చెమటలు. భవాని మేలుకుని ఉంటుంది, ఈ పూటకు మానేయమన్నాను. బావ నన్ను లోపలికి లాక్కెళ్ళి, సుధ దుప్పటి మీద నా చెయ్యి పెట్టాడు.

అప్పటికే తడిగా ఉంది. బావ చేతిలో చెంబు నిండుగానే ఉంది.

"తల్లి మీద బెంగ," అన్నాడు గుసగుసగా. "డాడీకి చెప్పకు మామా, తిడ్తడు అన్నది. ఒక్క పొల్ల పక్కే తడిస్తే అందరికి తెలుస్తది గదా."

నిజమే, పక్క తడిపినందుకు ఇంట్లో రెండుసార్లు తిట్టాను.

అంతలో పక్క దుప్పటి కదిలింది. భవాని లేచి కూర్చుని తండ్రిని చూసింది, చెంబును చూసింది, సుధ పక్కను చూసింది. బావ చేతిలో చెంబు ఒరిగి పన్నీరు నా పాదాల మీద ఒలికింది. అప్పుడే సుధకూ మెలకువ వచ్చింది. బావ చెంబు వెనక్కి దాచాడు. సుధ దుప్పటి తడిమి చూసుకుని ముఖం చిన్నబుచ్చుకుంది. భవాని నోట ఏం వస్తుందోనని ఇద్దరం దాని వంకే చూశాం.

"ఎల్ఫే పోసింది సుధా. నేను కండ్లార చూసిన," అంది భవాని.

సుధ ముఖం విప్పారింది. భవాని మాత్రం మంచం దిగి వచ్చి, తండ్రి చెవిలో రహస్యంగా, నాకు వినబడేలా చెప్పింది.

"రేపటి నుంచి వేడినీళ్ళు తే డాడీ. నాకు సుత చలి పెడ్తది."