అడుగు లేని యుద్ధనౌక

మా వీధి రోడ్డుకు తారు వేస్తున్నారు. ఆ వాసన తగలగానే షోకేసులోని నా బొమ్మ యుద్ధనౌక వైపు చూశాను.

నాలుగో తరగతిలో ఉండగా మేనమామ హైదరాబాద్ నుంచి ముక్కలు అంటించి చేసుకునే దాని కిట్ తెచ్చాడు. ఫిరంగులు, పొగగొట్టాలు అన్నీ నేనొక్కదాన్నే అంటించాను. తిరగేసి చూస్తే అడుగు లేదు, బల్లపరుపుగా ఉంది.

"నాయినా, సగం ఓడే ఇచ్చి మోసం చేసిండ్రు!"

"మోసం కాదు బిడ్డా. నీళ్ల పైన కనపడేదే చేస్తరు. షోకేసుల పెట్టేతందుకు గంతే."

"కనపడకుంటే లేనట్టా?"

బూర్గంపాడు రేవులో పడవలను బోర్లించి తారు పూయడం చూస్తూ పెరిగినదాన్ని. పడవంటే నాకు ముందు అడుగే. బూరుగు చెక్కను గుండ్రంగా చెక్కి ఓడ కింద అంటించాను. పడవవాళ్ల దగ్గర మిగిలిన తారు తెచ్చి పూశాను. గోదావరిలో వదిలితే ఓ పక్కకు ఒరిగింది గానీ మునగలేదు.

"మంచిగున్న బొమ్మను ఖరాబు చేసినవ్ గదనే!" అన్నాడు నాయిన.

"తేలింది గదా!" అన్నాను.

నాయిన చెప్పింది నిజమేనని, అలాంటి బొమ్మ ఓడలను నీళ్లు తాకే గీత దాకానే చేస్తారని పెద్దయ్యాక తెలిసింది. నా ఓడ షోకేసులోనూ ఒరిగే ఉంటుంది. ఆ చెక్క పీకేస్తే నిటారుగా నిలబడుతుందని ఇంటికొచ్చినవాళ్లు సలహా ఇస్తారు.

నిలబడుతుంది, నిజమే. నేను దాన్ని నిలబెట్టడానికి చేయలేదు.