పూజగది పాయింటుకు తొమ్మిది నొక్కులు

అది శుక్రవారం, పొద్దున సరిగ్గా పదీ నలభై. బంగారు గనులు మూతబడినాక మా ఊరిగాం మొగోళ్ళమంతా ఏ పని దొరికితే ఆ పనిలో దూరినాము. ఆ రోజుల్లో నలభై ఏళ్ళోడు కూడా కొత్త కొలువులో పసిబిడ్డే. నేను రాబర్ట్‌సన్‌పేటలో ఒక మూడంతస్తుల బట్టలంగడికి వాచ్‌మన్‌నైనాను. ఏడో క్లాసు పాసని చెప్పి చేరినాను. (బడి గడప నేను తొక్కింది ఓటెయ్యడానికే.) ఆ అబద్ధం బయటపడితే కొలువు పోతాది, ఇంట్లో పొయ్యి ఆరిపోతాది.

అంగడి గోడకు ఫైర్ అలారం ప్యానెలని ఒక ఎర్రపెట్టె. పైకప్పుకు పొగను పసిగట్టే బిళ్ళలుంటాయే, ఒక్కో బిళ్ళకు ఆ పెట్టెలో ఒక్కో పాయింటు. మా సావుకారు శుక్రవారమొస్తే పూజగదిలో సాంబ్రాణి వేస్తాడు, దేవుడు దగ్గేదాకా వేస్తాడు. అందుకని ముందుగా నేను పూజగది పాయింటును వెతికి ఆపి, పొగ పోయినాక మళ్ళా తెరవాల. పేర్లన్నీ ఇంగ్లీషులో. నాకేం భయం? ఇన్ని గంటలు కొడితే లిఫ్టు గనిలోకి దిగాల, ఇన్ని కొడితే ఆగాల అని ఇరవై ఏళ్ళు లెక్కతోనే బతికినోణ్ణి. కింది బాణం తొమ్మిదిసార్లు, పక్క మీట ఒకసారి, అంతే. “చూడండప్పా, చదువుకున్నోడి పని!” అని సావుకారు అందరికీ చూపించేవాడు.

ఆ శుక్రవారానికి ముందురోజు పెట్టె కంపెనీ మనిషొచ్చి గోదాములో రెండు కొత్త బిళ్ళలు బిగించి పోయినాడు. వాటి పేర్లు పూజగదికి పైన చేరి వరసను కిందికి తోసినాయని నాకెవురు చెప్పాల? నేను తొమ్మిది నొక్కి, మరుగుదొడ్డి పాయింటును ఆపేసి (తర్వాత తెలిసింది), “కానీండి సామీ” అన్నాను దర్జాగా.

ఐదు నిమిషాలకు సైరను! నేను పెట్టె దిక్కు పోకుండా మెట్లకాడికి పరిగెత్తినాను. గనిలో అలవాటు, లోపలికెంతమంది పోతే బయటికంతమంది రావాల. “తోసుకోవద్దండి, ఒకరెనక ఒకరు!” అని అరుస్తా అందర్నీ వీథిలోకి పంపినాను. చీరలకని ఇంటోళ్ళతో వచ్చిన ఒక పెండ్లికూతురు ముహూర్తం చీర సగం కట్టుకోని, మిగతా సగం సేల్స్‌మన్ చేతిలో ఉండంగానే దిగింది. పొద్దున్నుంచి లోపలికి పోయింది ఎనిమిది మంది, బయటికొచ్చింది ఏడుగురే. సావుకారు యాడ?

పైకి పోతే, ఆయన పొగలో కళ్ళు మూసుకోని గంట వాయిస్తా ఉండాడు.

“సామీ, మంట!”

“మంట కాదు, మంగళహారతి! మధ్యలో ఆపితే అరిష్టం!”

హారతి తట్టతో సహా ఎత్తుకోని దించినాను. (మనిషి బియ్యం మూట కంటే బరువు.)

మంట లేదని తేలి అందరం పెట్టె కాడికొచ్చినాక సావుకారు నా మీద ఎగిరినాడు. “పెట్టెలో ఏముందో చదువు!”

అక్షరాలు నన్ను చూసినాయి, నేను వాటిని చూసినాను. “రాదు సామీ. ఒక్కక్షరం రాదు. నొక్కుల లెక్కతో నెట్టుకొస్తా ఉండాను.”

“మరి ఏడో క్లాసు?”

“ఆరంటే తక్కువ, ఎనిమిదంటే మీరు నమ్మరు.”

అందరూ నవ్వినారు, సావుకారు తప్ప. “రేపట్నుంచి రావద్దు” అన్నాడు.

అప్పుడు పెండ్లికూతురి మేనత్త, రిటైరైన టీచరమ్మ, కళ్ళద్దాలు సర్దుకోని పెట్టెను చదివింది. “పూజగది అని ఉండాది. ఏమప్పా సావుకారూ, మీరు లోపలే ఉండిపోయినారని మా ఏడుగురిలో ఒక్కరికన్నా తెలిసిందా? ఈయప్పకు తెలిసింది. అక్షరాలు నేను నేర్పిస్తాను. లెక్క మీరు నేర్పించగలరా?”

సావుకారు చాలాసేపు దగ్గినాడు. “సరే, రేపు రమ్మనండి” అన్నాడు చివరికి.

నలభై మూడో ఏట పలక పట్టినాను. ఇప్పుడు ఏదైనా రెండుసార్లు చదివితే గాని నొక్కను. తొమ్మిది నొక్కి మీసం దువ్విన ఆ మొండోడు గుర్తొస్తే నవ్వొస్తాది; వాడి ధైర్యం నాకు మళ్ళా రాలేదు.

ఆ దినం వీథిలో నిలబడినోళ్ళు: సావుకారు, టీచరమ్మ, పెండ్లికూతురు, ఆమె అమ్మ, క్యాషియరు, పొడుగు సేల్స్‌మన్, టైలరు సాయిబు, ఊడ్చే అక్క, నేను. ఈ వరస నా చేత్తో నేనే రాసినాను.