పెళ్ళికొడుకు ఫుట్‌బాల్ క్లబ్బు

బడి నన్ను ఎనిమిదో తరగతిలోనే వదిలించుకుంది. అయినా మా అమ్మాయి సంబంధాల గురించి ఆరా తీయడంలో నేను పట్టభద్రుణ్ణే. అమెరికాలో, అల్ఫారెట్టాలోని మా ఇంటికి వచ్చిన పెళ్ళికొడుకు నెదర్లాండ్స్‌లో చదివాడట. అక్కడ తను అభిమానించే ఫుట్‌బాల్ క్లబ్బు ఒకప్పుడు యూరప్ కప్పు గెలిచిందన్నాడు. అంత చిన్న దేశానికి అంత పెద్ద కప్పా? ఇవి కోతలైతే అతను చెప్పిన ఉద్యోగం కబుర్లూ కోతలే అనుకున్నాను.

"మరి ఈమధ్య?" అని గుచ్చాను.

"మొదటి రౌండ్‌లోనే ఇంటికొచ్చేస్తున్నాం అంకుల్," అని నవ్వాడు.

ఓటమి ఒప్పుకునే పెళ్ళికొడుకా! నా అనుమానం రెట్టింపైంది. అతను వెళ్ళాక ఫోన్‌లో వెతికితే అన్నీ నిజాలే.

"అయినా ఇంకొంచెం ఆరా తీద్దాం," అన్నాను.

"సరేనని ఆ అబ్బాయికి ఫోన్ చేయండి," అంది మా ఆవిడ. "మా నాన్న మీ గురించి ఇందులో సగం ఆరా తీసినా నేనీ ఇంట్లో ఉండేదాన్ని కాదు."