కప్పబండికి కొత్త బ్రేకులు

చదువు అయిపోయి, ఉద్యోగం ఇంకా దొరకని ఆ నాలుగు నెలల్లో మనిషికి ఉండే తెలివి ఆ తర్వాత జన్మలో ఉండదు. నాకైతే ఉండలేదు. బీదర్‌లో ఆటోమొబైల్ డిప్లొమా ముగించుకుని మా ఊరు మంగళగికి వచ్చిన కొత్తలో, లోకంలో తిరిగే బండ్లన్నీ నా కోసమే చెడిపోతున్నాయని నమ్మేవాణ్ణి. బస్సెక్కితే ఇంజన్ చప్పుడు విని తల పంకించేవాణ్ణి. పక్కన కూర్చున్నవాళ్ళు అడగకపోయినా ఆ చప్పుడుకు కారణం వివరించేవాణ్ణి. (ఒకసారి ఒక పెద్దమనిషి ఓపికగా అంతా విని, "అదంత మంచిగుంది గని, జర ఆ కిటికి మూయి బిడ్డా, దుమ్మొస్తుంది" అన్నాడు. ఎంత గుంజినా ఆ కిటికీ మూతపడలేదు.)

నా విద్యను మనస్ఫూర్తిగా నమ్మినవాడు ఒకే ఒక్కడు, హళ్ళిఖేడ్‌లో చెరుకు పండించే మా మేనమామ. అప్పటికి ఆయనకు అరవై దాటింది. మోకాలికి ఆపరేషన్ అయ్యాక, ఇక గట్ల మీద, బురదలో నడవొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. నడవకపోతే పొలం కౌలుకిచ్చి ఇంట్లో మంచం మీద కూర్చోవాలి. మామకు అదొక్కటే చేతకాని పని. బీదర్ పక్కన సెలవు రోజుల్లో పిల్లలను తిప్పే వినోదాల తోట ఒకటి మూతపడుతుంటే, అక్కడికి పోయి లావు టైర్లున్న నాలుగు చక్రాల బండి ఒకటి కొనుక్కొచ్చుకున్నాడు. దాన్ని ఏటీవీ అంటారని నేను అందరికీ చెప్పాను. ఎవరూ పట్టించుకోలేదు. నేల మీద వెడల్పుగా కూర్చుంటుందని, గట్టు రాగానే ఎగిరి దూకుతుందని ఊరంతా దాన్ని కప్పబండి అన్నారు. ఆ బండెక్కి మామ మళ్ళీ పొద్దున్నే చెరుకుతోటలోకి పోవడం మొదలుపెట్టాడు, మళ్ళీ అన్నం సరిగ్గా తినడం మొదలుపెట్టాడు.

ఏడాది తిరిగేసరికి దాని బ్రేకులు అరిగిపోయాయి. ఒకనాడు మామ ఇంటి ముందు ఆగాల్సినవాడు ఆగకుండా పోయి పశువుల కొట్టం గుంజకు గుద్దుకుని ఆగాడు. మనిషికేమీ కాలేదు గానీ, మా అత్తకు ఓపిక అయిపోయింది. మహారాష్ట్ర సరిహద్దు దగ్గరున్న కమలనగర్‌లో ఎవరో బేరగాడు ఉన్నాడని తెలుసుకుని, సోమవారం వచ్చి బండి చూసుకుపొమ్మని ఫోన్ చేసి చెప్పింది. మామ బతిమాలితే ఒక మెట్టు దిగింది. "ఆదివారం దాంక చూస్త. నా కండ్ల ముందట మంచిగ ఆగిందా, ఉంచుకో. ఆగలేదా, సోమవారం అది కమలనగర్ పోతది, నువ్వు మంచమెక్కుతవు" అంది. మామ వెంటనే నాకు ఫోన్ చేశాడు. "అల్లుడా, నీ చదువుతోటి పని పడ్డదిరా, జల్ది రా" అన్నాడు. ఆ మాట కోసమే ఎదురుచూస్తున్న నేను శుక్రవారం పొద్దున్నకల్లా హళ్ళిఖేడ్‌లో దిగాను.

బండిని ఇటుకల మీదికెత్తి, చక్రాలు ఊడదీసి చూశాను. బ్రేకు వేసినప్పుడు చక్రంతో పాటు తిరిగే డిస్కును రెండు వైపులనుంచీ కరిచిపట్టే బిళ్ళలే బ్రేక్ ప్యాడ్‌లు. మామ బండికి ముందూ వెనకా కలిపి ఉన్న ప్యాడ్‌లన్నీ గోరు మందానికి వచ్చేశాయి. వెనకవైపు ఒకటి పూర్తిగా అరిగి, దాని వెనక రేకు డిస్కును గీరుతోంది. నేను వాటిని ఒక్కొక్కటే తీసి గుడ్డమీద వరసగా పేర్చి, చుట్టూ చేరిన వాళ్ళకు ప్రసంగం మొదలుపెట్టాను. చెరుకు కొట్టే మనుషులు నలుగురు, పక్కింటి ముసలమ్మ, గుమ్మంలో మా అత్త. మామ మాత్రం ప్రతి వాక్యానికీ "చూసిన్రా, ఇంజినీరు" అని వాళ్ళవైపు తిరిగి చెబుతున్నాడు. (డిప్లొమా చేసినవాణ్ణి ఇంజినీరు అనకూడదని నాకు తెలుసు. ఆయనను సరిదిద్దడం మర్యాద కాదని ఊరుకున్నాను.)

పాత ప్యాడ్‌లు జేబులో వేసుకుని బీదర్‌లో స్పేర్ పార్ట్‌ల దుకాణానికి పోయాను. దుకాణం పెట్టుకున్న ముసలాయనను అందరూ చాచా అంటారు. చాచా నా బిళ్ళలను ఒక్కసారి వేలితో తడిమి, వాటి ఆకారానికి సరిపోయేవి మూడు రకాలు అద్దాల బల్ల మీద పెట్టాడు. ఒకటి నల్లగా మెత్తగా ఉంది, ఒకటి బూడిద రంగు, మూడోది రాగిరంగు తిరిగి బరువుగా ఉంది. నేను వాటి తయారీ గురించి చదివినదంతా చెప్పబోయాను. చాచా చెయ్యెత్తి ఆపాడు.

"అవన్ని నాకు తెలుసు మియా. బండి ఎవరు తోలుతరు, అది చెప్పు."

"మా మామ."

"ఉమర్ ఎంత? ఎక్కడ తోలుతడు?"

"అరవై దాటినయి. చెరుకుతోటల. నల్లరేగడి భూమి, నీళ్ళు పెట్టినప్పుడంత బురదే."

"అయితే ఈ నల్లది ఒద్దు. సప్పుడు చెయ్యది, మెత్తగ పట్టుకుంటది గని, బురదల రేగడి మట్టి దాన్ని నాలుగు నెలల నమిలి ఊంచేస్తది. ఇది తీస్కపో" అని రాగిరంగు బిళ్ళలు ముందుకు తోశాడు. "లోహం పొడి కాల్చి అదిమి చేసింది. బురదల తడిసినా పట్టు ఇడువది. ఒక్కటే ముచ్చట. కొత్తల కూస్తది. రెండు రోజులు మెల్లగ తోలుకుంట, మెల్లగ ఆపుకుంట పోవాలె. బిళ్ళ, డిస్కు ఒకదానికొకటి సదురుకుంటయి. తొందరపడొద్దు, సమజైందా?"

సమజైందన్నాను. పుస్తకంలో కూడా అదే ఉందని చెప్పాను. చాచా పొట్లం కట్టి ఇచ్చాడు.

శనివారమంతా ఆ పనిలోనే పోయింది. నిజం చెప్పాలంటే పని బాగానే చేశాను. పిన్నులు తీసి, బిళ్ళలను పట్టి ఉంచే క్యాలిపర్‌లోని మురికంతా బ్రష్షుతో తోమి, వాటిని డిస్కు మీదికి నెట్టే పిస్టన్‌ను మెల్లగా లోపలికి అదిమి, కొత్త బిళ్ళలు కూర్చోబెట్టి, బోల్టులు బిగించాను. మధ్యమధ్య మామ చాయ్ తెచ్చి ఇచ్చి, దూరంగా స్టూలు వేసుకుని కూర్చుని చూసేవాడు. ఆదివారం పొద్దున ఇటుకల మీదున్న చక్రాన్ని చేత్తో తిప్పి బ్రేకు పిడి నొక్కాను. చక్రం ఠక్కున ఆగింది. ఆగడంతో పాటు ఒక కూత వేసింది. వీధి చివర కుక్కలు లేచి నిలబడ్డాయి. లోపలినుంచి అత్త గొంతు వినిపించింది. "ఏందిరా అది, బండా, పీనుగు లేశిందా? గిట్ల మొత్తుకునేదాన్ని నేను ఇంట్ల ఉంచుకోను."

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా తాత కాలంనుంచీ మా రెండు కుటుంబాల్లోనూ ఇనుమును ఆముదం లేకుండా వదిలిపెట్టరు. నాగలి కర్రు, కొడవలి, చెరుకు కొట్టే కత్తి, తలుపు బందులు, అన్నిటికీ ఆముదమే. ఎడ్లబండి ఇరుసు కూసిందంటే చిన్నపిల్లవాడు కూడా ఎవరూ చెప్పకుండానే కందెన డబ్బా కోసం పరుగెత్తాలి. నేను అలా పరుగెత్తి పెరిగినవాణ్ణి. బ్రేకు బిళ్ళలకు, డిస్కుకు నూనె చుక్క కూడా తగలకూడదని నేను పరీక్షలో రాశాను, దానికి మార్కులు కూడా వచ్చాయి. కానీ పరీక్ష రాసింది వేరే మనిషి. ఆ పొద్దున ఇనుము కూత వినగానే నా కాళ్ళు వాటంతటవే కొట్టంలోకి పోయాయి, నా చెయ్యి గూట్లోంచి ఆముదం డబ్బా తీసింది. గుడ్డను బాగా తడిపి, డిస్కులన్నీ రెండు వైపులా అద్దంలా మెరిసేదాకా రుద్దాను. ముందువీ రుద్దాను, వెనకవీ రుద్దాను. (నేను ఏ పనీ సగంలో వదిలే రకం కాదు.) చక్రం తిప్పి బ్రేకు నొక్కితే నిశ్శబ్దంగా ఆగింది. చేత్తో తిప్పిన ఉత్త చక్రానికి ఆ మాత్రం పట్టు చాలునన్న ఆలోచన నాకు రాలేదు. ఎంతో తృప్తిగా చేతులు తుడుచుకుని, "మామా, తయార్" అన్నాను.

మామ స్టూలు మీదనుంచి లేచి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. డిస్కువైపు చూశాడు, నావైపు చూశాడు. "అంత అయిందా అల్లుడా?" అని అడిగాడు. అయిందన్నాను. "ఇంకేం చూసేది లేదా?" అన్నాడు. ఏమీ లేదన్నాను. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, మోకాలు పట్టుకుని నెమ్మదిగా బండెక్కాడు.

మామ ఇంటి వాకిలి రోడ్డు వైపునుంచి లోపలికి వాలుగా ఉంటుంది. ఆ వాలులో దిగివచ్చి, గుమ్మం ముందు గీసిన ముగ్గు దగ్గర ఆగాలన్నది అత్త పెట్టిన పరీక్ష. అత్త ముగ్గు అవతల చేతులు కట్టుకుని నిలబడింది. శుక్రవారం నా ప్రసంగం విన్న మనుషులందరూ మళ్ళీ వచ్చారు. మామ పైనుంచి చిన్న వేగంతో బయలుదేరాడు. సగం దూరంలో పిడి నొక్కడం చూశాను. బండి కూత వేయలేదు. ఆగనూ లేదు. ముగ్గు దాటింది, అత్త పక్కకు గెంతింది, మామ ఏమాత్రం తొణక్కుండా హ్యాండిల్ కొద్దిగా కుడివైపు తిప్పి, నిటారుగా కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయి పెంటకుప్పలో దిగబడ్డాడు. కప్పబండి సగందాకా పేడలో మునిగి ఆగిపోయింది. పక్కింటి ముసలమ్మ, "ఆగింది గదనే" అంది.

మామను లేపి బయటికి తెచ్చాక, ఆయన మోకాలు సరిగ్గా ఉందని తేలాక, నేను చక్రం దగ్గర కూర్చుని డిస్కును వేలితో తాకాను. వేలు జారింది. అప్పుడు, ఆ క్షణంలో, పరీక్షలో నేను రాసిన జవాబు మొత్తం నా కళ్ళ ముందు కనిపించింది. అబద్ధం చెప్పే ఆలోచన రాలేదని అనను. బిళ్ళలే నాసిరకమని చాచా మీదికి నెట్టేయవచ్చు. కానీ మామ ముఖం చూశాను. సాయంత్రం దాకా కూడా ఆగకుండా ఆయన పొలం కౌలుకు ఎవరికివ్వాలా అని లెక్కలు వేసుకుంటున్నట్టుంది. "అత్తా, బండి మంచిదే. బిళ్ళలు మంచియే. నేనే ఆముదం పెట్టిన" అన్నాను.

"బ్రేకులకా?"

"ఆఁ."

"గంత చదివి?"

"ఆఁ."

అత్త నన్ను పైనుంచి కిందిదాకా చూసింది. "అయితే బండిది తప్పు గాదు. దాన్నెందుకు అమ్ముడు? తప్పు చేసినోన్ని అమ్మాలె. కని నిన్నెవడు కొంటడురా" అంది. నవ్వు ఆపుకోవడానికి కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం నేను చూశాను. బేరగాడికి ఫోన్ చేసి, తన వచ్చీరాని మరాఠీలో, సోమవారం వద్దు, ఇంకో వారం ఆగి చెబుతానంది.

నూనె తాగిన బిళ్ళలు ఇక పనికిరావు. సోమవారం పొద్దున్నే మళ్ళీ చాచా ముందు నిలబడ్డాను. ఆయన ఒక బిళ్ళ తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. రెండోసారి వాసన చూసి, కళ్ళద్దాలు పైకి తోసుకుని, "ఆముదం! క్యా మియా, బండికి జులాబ్ పట్టించినవా?" అన్నాడు. (కడుపు కడిగేయడానికి తాగించే మందును మా వైపు జులాబ్ అంటారు. చిన్నప్పుడు మా అందరికీ ఆముదంతోనే అది జరిగేది.) ఆ మాట ఆ బజారులో చాలాకాలం నిలిచింది. ఈసారి నేను డిస్కులు జిడ్డంతా పోయేదాకా కడిగి, ఆరబెట్టి, అవే రాగిరంగు బిళ్ళలు బిగిస్తుంటే అత్త పక్కనే పీట వేసుకుని కూర్చుంది. అంతకుముందే ఇంట్లో ఉన్న నూనెలన్నీ, తలకు రాసుకునే కొబ్బరినూనెతో సహా, అల్మారాలో పెట్టి తాళం వేసింది. రెండు రోజులు బండి కూస్తూనే ఉంది, ఎవరూ ఏమీ అనలేదు. మూడోనాడు కూత తగ్గింది. నాలుగోనాడు అత్త తానే బండెక్కి, వాలులో దిగివచ్చి, ముగ్గు మీద ఒక్క గీత కూడా చెరగకుండా ఆపింది. దిగకుండానే, "ఇంకోసారి పోయొస్త" అంది. బేరగాడి మాట మళ్ళీ ఆ ఇంట్లో రాలేదు.

ఇప్పుడు నేను బీదర్‌లో ఒక వర్క్‌షాపులో పని చేస్తున్నాను. మామ ఇంకా పొలం పోతూనే ఉన్నాడు. బండి అత్త తోలుతుంది, ఆయన వెనక కూర్చుని దారి చెబుతాడు, ఆమె వినదు. మొన్న చెరుకు కొట్టేటప్పుడు నేను పోతే, గట్టు మీద కూర్చుని ఆ పాత సంగతి తలుచుకుని ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వు ఆగాక మామ, "నువ్వు ఆముదం డబ్బ తీస్తుంటె చూసినరా నేను" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. "నూనె పెట్టొద్దని నీకు తెలుసునా మామా?"

"ముప్పై ఏండ్లు మోటర్‌సైకిల్ తోలిన, తెల్వదా?"

"మరి చెప్పకపోతివి?"

"ఎట్ల చెప్తరా? అందరి ముందట ఇంజినీరు, ఇంజినీరు అని మొత్తుకున్నది నేనే. అట్లనన్న నీకే యాదికొస్తదేమోనని రెండుసార్లు అడిగితి. రాకపాయె. ఆగకపోతె బండిదే తప్పంటరు, నీది గాదు. బండి పోతె పోనీ అనుకున్న. నువ్వు ముఖం చిన్నగ చేసుకొని ఊరికి పోతె మీ అమ్మకు నేనేం చెప్పాలె? మెల్లగ పోయి మెత్తటి జాగల పడితె అయిపోతదని పెంటకుప్ప దిక్కు చూసి పెట్టుకున్న."

ఆ మోకాలితో, ఆగదని తెలిసిన బండి మీద, పొలం చేజారిపోతుందని తెలిసి కూడా, ఆయన ఎక్కి కూర్చున్నాడు. ఆ పూట చేతిలో ఆముదం గుడ్డ పట్టుకుని, ఇంకేమీ చూసేది లేదు మామా అని అంత ధీమాగా చెప్పిన ఇరవై రెండేళ్ళ కుర్రాడు గుర్తొచ్చాడు. వాణ్ణి చూస్తే కోపం రాలేదు, కొంచెం నవ్వొచ్చింది, కొంచెం అసూయ కూడా కలిగింది. కాసేపటికి అత్త బండి తెచ్చి గట్టు పక్కన ఆపింది. మామ నా భుజం పట్టుకుని లేచి ఎక్కాడు.