ఆయిల్‌కి గట్టు ధర

ఎజ్రా మీసం ఏలూరు ఆటో స్టాండు దాకా అందరికీ తెలుసు. బండి ఆపగానే ముందు అద్దంలో దాన్ని ఒకసారి చూసుకుని, ఆ తర్వాతే దిగుతాడు. పొద్దున్నే మా కొల్లేటి ఊరి చర్చి దగ్గర డీజిల్ ఆటో నిలబెట్టి హారన్ కొడితే, చేపల తట్టలతో ఎనిమిదిమంది ఆడవాళ్ళు వస్తారు. బండిలో పట్టేది ఏడుగురే. ఎనిమిదో మనిషి విక్టోరియా. డ్రైవరు సీట్లో తను సర్దుకున్నాక మిగిలినంత మేర ఎజ్రాకి వదిలేస్తుంది.

మా ఊరికి ఏదైనా వచ్చిందంటే కొలతలు తీసుకుపోవడానికే వస్తుంది. వంతెన కొలతలు తీసుకెళ్ళారు, మంచినీళ్ళ ట్యాంకు కొలతలు తీసుకెళ్ళారు. రెండూ ఇంకా టేపు చివరనే ఉన్నాయి. అందుకే 2008 మొదట్లో ఊరవతల వరిచేలల్లో చమురు కంపెనీ వాళ్ళు బావి తవ్వే రిగ్గు నిలబెడితే, చూద్దామని కూడా నాకు అనిపించలేదు. ఎజ్రా మాత్రం రోజూ సాయంత్రం వెళ్ళి చూసొచ్చేవాడు. సొంత ఇంటికి శ్లాబు వేస్తున్నవాడిలా ఉండేది అతని ముఖం.

అతనికి ఆనందం ఉండడానికి కారణం ఉంది. ఆ ఫిబ్రవరిలో డీజిల్ ధర పెరిగింది. మిగతా ఆటోలవాళ్ళు ఛార్జీ రెండేసి రూపాయలు పెంచారు. ఎజ్రా పెంచలేదు. టీ కొట్టు ముందు పదిమందిలో నిలబడి మీసం మీద చెయ్యేసి చెప్పాడు: "మన బావి పడి, ఆయిల్ ధర దిగేదాకా ఒక్క రూపాయి కూడా పెంచనండి. పెంచితే ఇది తీసేస్తాను."

అక్కడే టీ తాగుతున్న నరసరాజుగారికి పొలమారినంత పనైంది. ఆయనకి మూడు చేపల చెరువులున్నాయి.

"మన నేలలో తవ్వితే మనకి ధరెందుకు తగ్గుద్దిరా?"

"ఎందుకు తగ్గదండీ? మీ చెరువు పట్టుబడి అయితే ఊళ్ళోవాళ్ళకి గట్టు ధరకి ఇవ్వరాండీ?"

మా వైపు అదో మర్యాద. చెరువు పట్టినరోజు, చేప లారీ ఎక్కకముందు, ఊరివాళ్ళు గట్టు మీదకెళితే బజారు కంటే తక్కువకి తూస్తారు. దాన్నే గట్టు ధర అంటాం. మన ఊళ్ళో పుట్టిన చేపకి ఉన్న న్యాయం మన ఊళ్ళో పుట్టిన ఆయిల్‌కి ఎందుకుండదన్నది ఎజ్రా వాదన.

"మీకిచ్చేది నాలుగు బుట్టలు," అన్నారు రాజుగారు. "లారీ చేప ధర కలకత్తా వాడు చెప్తాడు. నేను చెప్పేది కాదు. ఇంకో చెరువు తవ్వానని కలకత్తాలో శీలావతి చేప చవకైపోద్దా?"

"మీరొక్కరూ తవ్వితే అవదండి. కొల్లేరంతా తవ్విన ఏడు ధర పడిపోయిందని మీరే గోలపెట్టారు కదండీ."

రాజుగారు ఒక గుక్క తాగి ఆలోచించారు. "నిజమే. కానీ ప్రపంచం పెద్ద కొల్లేరు. అందులో మన బావి ఒక చెంబు."

"చెంబుతో మొదలెడదావండి," అన్నాడు ఎజ్రా.

మే నెలలో ఒక మధ్యాహ్నం అతను ఆటోని రోడ్డు మీద అడ్డదిడ్డంగా తోలుకుంటూ, హారన్ మీద నుంచి చెయ్యి తీయకుండా వచ్చాడు. "పడిందండీ! బావి పడిందండీ! రిగ్గు దగ్గర కుర్రాడు చెప్పాడు, నీళ్ళు పడ్డాయంటండీ!"

మాకు బోరు వేస్తే నీళ్ళు పడటమే పండగ. మంచినీళ్ళు డబ్బాల్లో కొనుక్కునే ఊరికి అంతకన్నా ఏం కావాలి? ముందు నీళ్ళు వస్తాయి, వెనక ఆయిల్ వస్తుందని ఎజ్రా లెక్క. రెండు కిలోల జిలేబీ కట్టించుకుని, విక్టోరియానీ మరో నలుగురినీ బండెక్కించుకుని రిగ్గు దగ్గరికి వెళ్ళాడు. అక్కడ ఇంజనీరు నెత్తిన చెయ్యి పెట్టుకుని పీపా మీద కూర్చున్నాడు. ఎజ్రా అతని చేతిలో జిలేబీ పెట్టి, "దేవుడు మేలు చేశాడండి, నీళ్ళు పడ్డాయి," అన్నాడు.

ఆ ఇంజనీరు జిలేబీ వైపూ ఎజ్రా వైపూ మార్చి మార్చి చూశాడు. "నీళ్ళు పడితే మాకు బావి పోయినట్టండీ. అడుగున అంతా ఉప్పునీరే. చమురు లేదు."

ముందు విక్టోరియాకి నవ్వొచ్చింది. తర్వాత ఇంజనీరుకి వచ్చింది. చివరికి జిలేబీ మొత్తం రిగ్గు కూలీలే తిన్నారు. బావి పోయినందుకు మిఠాయి పంచిన ఊరు తన సర్వీసులో ఇదొక్కటేనని ఇంజనీరు చెప్పి మరీ వెళ్ళాడు.

రిగ్గు వెళ్ళిన కొద్దిరోజులకి, జూన్‌లో, డీజిల్ ఇంకో మూడు రూపాయలు పెరిగింది. ఎజ్రా అద్దంలో చూసుకోవడం మానేశాడు. టీ కొట్టు దగ్గర నరసరాజుగారే జాలిపడ్డారు. "బావి పడేదాకా అన్నావు కదరా. నీళ్ళు పడ్డాయిగా! ఛార్జీ పెంచుకో, మీసానికి ఢోకా లేదు."

"బావి పడి, ఆయిల్ దిగేదాకా అన్నానండి. రెండోది అవలేదు కదండీ."

ఆ మర్నాడు ఆటో ఎక్కుతూ విక్టోరియా తట్టలోంచి ఒక బొచ్చె చేప తీసి సీటు కింద సంచిలో పడేసింది. "ఏంటి పిన్నీ ఇది?" అన్నాడు ఎజ్రా.

"ఛార్జీ కాదులే అబ్బాయ్. గట్టు ధరకి మేం తెచ్చుకుంటన్నాం, నీకు మాత్రం ఉండొద్దా? వెయ్యండే, తలో చేపా వెయ్యండి!"

రోజుకి ఎనిమిది చేపలు! మొదటి వారం ఎజ్రా ఇంట్లో పిల్లి కూడా ముఖం తిప్పుకుంది. అతని భార్య లిడియా చూసి చూసి, పెద్ద దాకలో పులుసు పెట్టి, అన్నంతో సహా ఆ ఆటోలోనే ఏలూరు స్టాండుకి పంపింది. మధ్యాహ్నానికి దాక ఖాళీ. ఛార్జీ పెంచిన ఆటోవాళ్ళే వరసలో నిలబడి కొనుక్కుని తిన్నారు. డీజిల్‌కి అక్కడే వచ్చేసింది. నెల తిరిగేసరికి లిడియా స్టాండు పక్కన బల్లేసుకుని కూర్చుంది.

డిసెంబరు మొదట్లో డీజిల్ రెండు రూపాయలు తగ్గింది. ఎజ్రా మళ్ళీ హారన్ మీద చెయ్యేసుకుని, బండి నిండా జనంతో టీ కొట్టు దగ్గరికి వచ్చాడు. "దిగిందండి రాజుగారూ!"

"మన బావి వల్ల కాదురా. దేశదేశాల్లో కొనేవాళ్ళు తగ్గారు, అందుకు దిగింది."

"అంటే కలకత్తా వాడు చేప మానేసినట్టాండీ?"

"ఆఁ, అదే."

"ఒప్పుకున్నానండి. మన చెంబు వల్ల కాదు. కానీ బావి పడింది, నీళ్ళైనా సరే. ఆయిల్ దిగింది, ఎవరి వల్లైనా సరే. రెండూ అయినియ్యి. నా మాట తీరింది." అద్దం వంచి మీసం చూసుకున్నాడు. ఆర్నెల్ల తర్వాత చూసుకోవడం అదే.

"అయితే రేపట్నించి ఛార్జీ పెంచుతావా?" అంది విక్టోరియా, తట్ట మీద చెయ్యేసుకుని.

"ధర దిగాక పెంచితే నవ్వరా పిన్నీ?"

వెనక సీట్లోంచి లిడియా గొంతు వినిపించింది. "పెంచితే చేపలు మానేస్తారయ్యా! నా పులుసు బల్ల ఏమైపోవాలి? పోనియ్ బండి, అక్కడికెళ్ళి ఎసరు పెట్టాలి!"