మూత లేని నశ్యం డబ్బీ

మాడుగుల నుంచి చోడవరం వచ్చే బస్సులో, నా ఒళ్లో ఉన్న ఇనప పిన్నును పక్క సీటు పెద్దాయన అడక్కుండానే తీసుకుని తిప్పి చూశాడు. చెరకు గానుగ కోసం నేను లేతు మిషను మీద తిప్పి చేసిన పిన్ను అది. చివరి ముఖం మధ్యలో ఆవగింజంత బొడిపె మిగిలిపోయింది. అలా పాడవడం అది మూడోసారి. ఇంకోటి పాడైతే ఇంటికి పొమ్మన్నాడు మా మేస్త్రి.

"కోసే టూలు పిన్ను మజ్జికన్నా కిందకుండిపోయింది, బాబూ. టూలు మొనకీ పిన్నుకీ మజ్జిన స్కేలు పెట్టి నొక్కి సూడు. నిలువుగా ఉంటే సరే. పైకొస నీ వైపు వాలితే టూలు కిందకున్నట్టు. అడుగున రేకుముక్క ఎయ్యి."

అని, తన నశ్యం డబ్బీ రేకు మూత ఊడదీసి నా చేతిలో పెట్టాడు.

"మరి మీకండీ?" అన్నాను.

"నాకు బొటనేలుంది కదేటి," అని డబ్బీని వేలితో మూసుకుని చోడవరంలో దిగిపోయాడు.

ఆ సాయంత్రం ఆ మూతను సాగగొట్టి టూలు అడుగున పెడితే పిన్ను నున్నగా వచ్చింది. మేస్త్రి వేలితో రాసి చూసి, ఇంకో పిన్ను చెయ్యమన్నాడు.

తర్వాత ఎన్ని లేతులు మారినా ఆ మూత నాతోనే వచ్చింది, నశ్యం ఘాటుతో సహా. పని మొదలెట్టేముందు తుమ్మితే అపశకునమంటారు. నాకు మాత్రం తుమ్ము రాకపోతేనే, టూలు సరిగ్గా కూర్చోలేదేమోనని అనుమానం.